ఉప్పుగాలికి ఎర్రబడిన జంట గొట్టాలు: కోనసీమలో ఒక రస్ట్ బ్లూయింగ్ కేసు

2024 సెప్టెంబరు మొదటి వారం. నాలుగు రోజులుగా ముసురు వదల్లేదు. రాజోలు వైపు నుంచి రాజుగారనే ఒక కొబ్బరి రైతు మా తుపాకుల రిపేరు షాపుకి వచ్చారు. మా నాన్నగారి కాలం నుంచి తెలిసినాయన. ఒక చేతిలో లైసెన్సు పుస్తకం, ఇంకో చేతిలో పాత తోలు కేసు. కేసు బల్ల మీద పెట్టి, తీయకుండానే, "మీరే తీసి చూడండి బాబూ, నాకు మనసొప్పట్లేదు" అన్నారు.

లోపల 12 బోర్ (గొట్టం లోపలి వెడల్పు కొలత) డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. పక్కపక్కనే రెండు గొట్టాలుండే రకం, బర్మింగ్‌హామ్‌లో చేసినది. ఆయన తాతగారు కొన్నారట. గొట్టాల మీద ఒకప్పుడు నేరేడుపండు రంగు నలుపు ఉండాలి. ఇప్పుడు ఎడమ గొట్టం పొడవునా ఇటుక పొడి చల్లినట్టుంది. కుడి గొట్టం మీద నాలుగు వేళ్ల ముద్రలు, తుప్పుతోనే, స్పష్టంగా పడి ఉన్నాయి. ఎవరో చెమట చేత్తో పట్టుకుని, తుడవకుండా పెట్టేశారు.

ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. మన డెల్టాలో ఇలాంటి తుపాకులు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. "ఏదో ఒక కోటింగ్ కొట్టించండి, మళ్లీ తుప్పు పట్టకూడదు" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఏ పూత వేయాలనేది తుపాకీ ఎలా కట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. వేసిన పూత నిలుస్తుందా లేదా అన్నది మన నీళ్లను బట్టి ఉంటుంది. ఈ రెండో సంగతి నాకు ఈ కేసులోనే, నా పొరపాటు వల్లే, బాగా తెలిసొచ్చింది.

తుప్పు ఎక్కడి నుంచి వచ్చింది

రాజుగారిని అడిగితే కథంతా చెప్పారు. ఆ ఏడాది మార్చి 16న ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సున్న చాలామందిలాగే ఆయనా తుపాకీ డిపాజిట్ చేశారు. జూన్‌లో వెనక్కి తెచ్చుకున్నారు. తెచ్చిన రోజు పొడిగుడ్డతో తుడిచి, తోలు కేసులో పెట్టి, బీరువా మీద పెట్టారు. మళ్లీ తీసింది సెప్టెంబరులోనే.

డిపాజిట్‌లో ఉన్నప్పుడే పాడైందని ఆయన అనుమానం. నాకు అలా అనిపించలేదు. తుప్పు గొట్టం అంతటా సమానంగా లేదు. తోలు కేసు లోపలి మఖమల్ గుడ్డ ఆనిన చోట దట్టంగా ఉంది, ఆనని చోట పలచగా ఉంది. తోలు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. తోలు శుద్ధి చేసేటప్పుడు వాడిన లవణాలు అందులో కొంత మిగిలే ఉంటాయి. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా మూడు నెలలు ఆ తడి సంచిలో ఇనుముని కట్టేసి ఉంచినట్టయింది. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుముకి తుప్పు వేగం పెరుగుతుంది. ఆ వారం మా షాపు గోడ మీద మీటరు 88 చూపిస్తోంది. పైగా ఆయన ఇల్లు సముద్రానికి దగ్గర, చుట్టూ రొయ్యల చెరువులు. చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుంటే లేచే తుంపరలో ఉప్పు ఉంటుంది.

తోలు కేసు ప్రయాణానికే కానీ నిల్వకు కాదు. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అయినా తాతగారి కేసు మీద మమకారంతో అందులోనే పెడతారు.

చేయి పెట్టేముందు

ముందు గొట్టాలు తెరిచి ఖాళీగా ఉన్నాయని చూశాను. ఆయన ఖాళీయే అని చెప్పినా చూస్తాను, నా చేత్తో నేనే పెట్టిన తుపాకీ అయినా చూస్తాను. తర్వాత లైసెన్సులోని నంబరు, గొట్టాల మీది నంబరు సరిపోల్చి రిజిస్టరులో రాసుకున్నాను. తుపాకీ రిపేరుకి ఆయుధాల చట్టం సెక్షన్ 5 కింద లైసెన్సు ఉండాలి. సెక్షన్ 8 ప్రకారం తుపాకీ మీది పేరు, నంబరు, గుర్తులు చెరిపినా మార్చినా నేరం. పాలిష్ చేసేవాడు ఈ సెక్షన్ 8ని మనసులో పెట్టుకునే గరుకు కాగితం పట్టుకోవాలి. నాలుగు రుద్దులు ఎక్కువైతే నంబరు పలచబడుతుంది. కావాలని చేయలేదంటే ఎవరు వింటారు?

అప్పుడు అసలు పరీక్ష. జంట గొట్టాలను ఒకదానికొకటి, మధ్యలోని రిబ్ పట్టీలను గొట్టాలకు, మెత్తటి టంకంతో అతికిస్తారు. ఆ టంకం గట్టిగా ఉందో లేదో బయటికి కనపడదు, వినపడుతుంది. గొట్టాల కింద ఉండే కొక్కేనికి తోలు తాడు కట్టి గాలిలో వేలాడదీసి, వేలి కణుపుతో చిన్నగా కొట్టాలి. టంకం బాగుంటే ఇత్తడి బిందెలా ఖంగుమని, ఆ మోత కాసేపు సాగుతుంది. ఎక్కడైనా వదిలితే పగిలిన కుండలా బొంగురుగా పలికి ఆగిపోతుంది. ఆ మధ్యాహ్నం వాన చప్పుడుకి సరిగ్గా వినపడక తలుపులన్నీ మూసి మళ్లీ కొట్టాను. ఖంగుమంది. రాజుగారి ముఖం అప్పుడు కొంచెం తేలికపడింది.

పాత ఇంగ్లీషు తుపాకీ కదా, గొట్టాలు పేటలు చుట్టి అతికిన డమాస్కస్ రకమేమోనని కూడా చూడాలి. ముందరి చెక్క కింద దాగే చోట వేలి గోరంత మేర శుభ్రం చేసి పలచటి ఆమ్లం చుక్క పెట్టాను. డమాస్కస్ అయితే కనపడే అలల గీతలేమీ రాలేదు. మామూలు ఉక్కే. నైట్రో ప్రూఫ్ గుర్తు, అంటే పొగరాని కొత్తరకం మందుకి తట్టుకుంటుందని పరీక్షించి వేసిన ముద్ర, కూడా ఉంది. తూటా గది కొలిస్తే రెండున్నర అంగుళాలు వచ్చింది. ఇప్పుడు దొరికే రెండు ముప్పావు అంగుళాల తూటాలు ఇందులో పెట్టొద్దని అప్పుడే చెప్పాను. పూత పనికి సంబంధం లేని మాటే, కానీ చెప్పకుండా తుపాకీ తిరిగి ఇవ్వకూడని మాట.

గొట్టం గోడ మందం మధ్యలో, అన్నిటికంటే పలచగా ఉన్న చోట, 0.85 మిల్లీమీటర్లు. తుప్పు గుంటల్లో లోతైనది దాదాపు 0.1 మిల్లీమీటరు. గుంటలన్నీ పోయేదాకా రుద్దితే ఆ పలుచని గోడలో ఎనిమిదో వంతు పోతుంది. అందుకే ఎర్ర తుప్పు పోయేదాకా రుద్ది, గుంటల అడుగు మచ్చలు వదిలేద్దామని నిర్ణయించుకున్నాను. అందం కోసం గోడ పలచన చేయడం నాకు ఇష్టం లేదు. రాజుగారు ఒప్పుకున్నారు.

ఏ పూత, ఎందుకు

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. షాపుల్లో ఎక్కువగా చేసేది హాట్ బ్లూయింగ్. కాస్టిక్ సోడా, నైట్రేట్ ఉప్పులు కలిపిన తొట్టిని దాదాపు 140 డిగ్రీలకు కాచి అందులో ముంచుతారు. అరగంటలో నిగనిగలాడే నలుపు వస్తుంది. ఒకే గొట్టం ఉన్న తుపాకీకి, రైఫిల్‌కి భేషైన పద్ధతి. జంట గొట్టాలకి మాత్రం విషం. సీసం-తగరం టంకం కరగడానికి 183 డిగ్రీలు కావాలి కాబట్టి ఆ వేడికి కరగదు. కానీ కాస్టిక్ టంకాన్ని తినేస్తుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, ఆ ఉప్పునీరు రిబ్ కింద, రెండు గొట్టాల మధ్య ఉన్న బోలులోకి పోయి అక్కడే ఉండిపోతుంది. బయట నల్లగా మెరుస్తుంటే లోపల్నుంచి తినుకుంటూ వస్తుంది. ఆరు నెలలకో ఏడాదికో రిబ్ అంచున తెల్లటి పొక్కులు కడతాయి. అలా పాడైన తుపాకులు రెండు మా షాపుకి వచ్చాయి. రెండూ బాగుచేయడం నా వల్ల కాలేదు.

నైట్రైడింగ్ (ఉక్కు పైపొరలోకి నైట్రోజన్ ఎక్కించడం) చాలా గట్టిది, కానీ దానికి 500 డిగ్రీలకు పైనే వేడి కావాలి. టంకం మొత్తం కారిపోతుంది. ఫాస్ఫేట్ పూతకు గొట్టాలను వేడి ఆమ్లంలో ముంచాలి, అదీ రిబ్ లోపల నిలిచిపోయే ప్రమాదమే. మిగిలింది రెండు: స్ప్రే చేసి దాదాపు 120 డిగ్రీల ఓవెన్‌లో కాల్చే సెరామిక్ పూత, సన్నటి తుప్పు పట్టించి దాన్నే ఉడికించి నల్లబరిచే పాతకాలపు రస్ట్ బ్లూయింగ్.

నిజం చెప్పాలంటే ఈ రెంటిలో ఉప్పుగాలికి సెరామిక్కే మేలు. అంతకుముందు ఏడాది అంతర్వేది దగ్గర ఒక స్నేహితుడి రొయ్యల చెరువు షెడ్డులో ఉక్కు పట్టీలు ఐదు వేలాడదీశాను. నూనె రాయని హాట్ బ్లూ పట్టీ నాలుగో రోజుకే ఎర్రబడింది. నూనె రాసిన రస్ట్ బ్లూ మూడు వారాలు ఆగింది. మైనం పట్టించిన రస్ట్ బ్లూ ఇంకొంచెం ఎక్కువ రోజులే ఆగింది. నూనె పీల్చిన ఫాస్ఫేట్ రెండు నెలలకు అంచుల్లో మాత్రం తుప్పు చూపించింది. సెరామిక్ పట్టీ మీద నేను కావాలని గీసిన గీత తప్ప ఇంకెక్కడా తుప్పు లేదు. రోజూ చెమట చేతులు పడే బ్యాంకు గార్డు తుపాకీ అయితే రెండో ఆలోచన లేకుండా సెరామిక్కే చేస్తాను.

ఈ తుపాకీకి ఎందుకు చేయలేదంటే, సెరామిక్ పట్టాలంటే ముందు ఇసుకలాంటి గ్రిట్‌తో కొట్టి పైపొర గరుకు చేయాలి. వందేళ్లకు దగ్గరైన నునుపు, సన్నటి చెక్కుడు గీతలు, అరిగిన ప్రూఫ్ గుర్తులు అన్నీ దెబ్బతింటాయి. దానిమీద 25 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పూత పడితే గీతలు పూడిపోతాయి. రస్ట్ బ్లూ మందం 2 మైక్రాన్లకు అటూఇటూగా ఉంటుంది, ఒక్క గీత కూడా పూడదు. ఇంగ్లండులో ఈ గొట్టాలు మొదట తయారైనప్పుడు వేసిందీ ఇదే పద్ధతి. రక్షణ తక్కువ, సంరక్షణ ఎక్కువ కావాలి. ఈ మాట రాజుగారికి ముందే చెప్పాను. "నెలకోసారి నూనె రాయడమేగా బాబూ, రాస్తాను. తాతగారి తుపాకీ తాతగారి తుపాకీలాగే ఉండాలి" అన్నారు.

పని, రెండు తప్పులు

రస్ట్ బ్లూయింగ్ అంటే తుప్పుని తుప్పుతోనే ఆపడం. శుభ్రం చేసిన ఉక్కు మీద తుప్పు పట్టించే ద్రావణం పలచగా పూసి తేమలో ఉంచితే సన్నటి ఎర్ర తుప్పు పొర వస్తుంది. దాన్ని మరిగే నీళ్లలో ఉడికిస్తే ఆ ఎర్ర తుప్పే నల్లటి మాగ్నటైట్‌గా మారుతుంది. ఎర్ర తుప్పు పొట్టు కట్టి రాలుతూ ఉక్కుని తింటుంది. నల్లది ఉక్కుని అంటిపెట్టుకుని ఉంటుంది. పైన మిగిలిన వదులు మసిని సన్నటి ఉక్కు పీచు, అంటే స్టీల్ ఊల్‌తో తీసేయాలి. మళ్లీ ద్రావణం, మళ్లీ తేమ, మళ్లీ ఉడకబెట్టడం. ఇలా ఏడెనిమిది సార్లు. ప్రతిసారీ నలుపు ఒక మెట్టు దిగుతుంది.

చలిదేశాల్లో దీనికి తేమ పెట్టె కడతారు, పన్నెండు గంటలు ఉంచుతారు. మనకు సెప్టెంబరులో షాపే తేమ పెట్టె. ఇక్కడ మూడు గంటలు చాలు. రాత్రంతా ఉంచితే తుప్పు లోతుకి దిగి కొత్త గుంటలు పడతాయి. పుస్తకం చూసి గడియారం పెట్టుకుంటే మన ఊళ్లో పని చెడుతుంది. గంట గంటకీ వెళ్లి చూడాలి. పొర నారింజ రంగు పుప్పొడిలా సమానంగా కనిపించగానే ఉడకబెట్టాలి.

240, 320, 400 నంబర్ల ఎమరీ గుడ్డలతో, వెనక చదునైన చెక్క పెట్టి, గొట్టం పొడవునా రుద్దాను. అడ్డంగా రుద్దితే ఆ గీతలు నలుపులో ఇంకా బాగా కనపడతాయి. గొట్టాల లోపల వార్నిష్ పూసి, రెండు చివర్లా చెక్క బిరడాలు బిగించాను. అసిటోన్‌తో జిడ్డు తీశాను. స్టీల్ ఊల్‌కి కూడా జిడ్డు తీయాలి, ఫ్యాక్టరీ నుంచి నూనెతోనే వస్తుంది.

మొదటి తప్పు మొదటి పూతలోనే బయటపడింది. అంతా సమానంగా ఎర్రబడింది కానీ కుడి గొట్టం మధ్యలో ఒక బొటనవేలంత మేర తెల్లగా, తుప్పు పట్టకుండా మిగిలింది. నాకు సాయం చేసే మా మేనల్లుడు గ్లోవ్స్ వేసుకునే పట్టుకున్నాడు. కానీ మధ్యలో ఒకసారి నుదుటి మీద పడిన జుట్టు వెనక్కి తోసుకుని, అదే గ్లోవుతో మళ్లీ పట్టుకున్నాడు. పొద్దున్నే వాళ్లమ్మ తలకి కొబ్బరినూనె పట్టించి పంపింది. కోనసీమలో కొబ్బరినూనె లేని తల ఎక్కడుంది? అప్పటి నుంచి ఈ పని ఉన్న రోజు తలకి గుడ్డ కట్టుకోవాలని నియమం పెట్టాను. ఆ ఒక్క చోట మళ్లీ జిడ్డు తీసి కొనసాగించాం.

రెండో తప్పు నాది, చాలా పెద్దది. మొదటి రెండు ఉడకలు బాగున్నాయి. మూడోసారి తీసేసరికి ఎడమ గొట్టం మీద అక్కడక్కడ బూడిద రంగు చుక్కలు, కిందికి జారిన గీతలు. స్టీల్ ఊల్‌తో రుద్దితే నలుపు పోయింది కానీ చుక్కలు పోలేదు. ద్రావణం పాడైందేమో అనుకుని కొత్త సీసా తీశాను. నాలుగో ఉడకకి చుక్కలు ఇంకా పెరిగాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన నమ్మి ఇచ్చిన వస్తువు అది.

తెల్లారి మేనల్లుడు ఖాళీ తొట్టి కడుగుతూ, "మావయ్యా, అంచు చూడు, బిందెకి పట్టినట్టు తెల్లగా పట్టేసింది" అన్నాడు.

మా బోరునీళ్లు ఉప్పన అని నాకు తెలుసు, అందుకే అవి వాడలేదు. వీధిలో అందరూ తాగే మినరల్ వాటర్ టిన్ను తెప్పించి వాడాను. తాగడానికి మంచివైతే దీనికీ మంచివే అనుకున్నాను. కానీ ఆర్‌ఓ నీళ్లలో లవణాలు తగ్గుతాయే తప్ప పూర్తిగా పోవు. రుచి కోసం కొంచెం మామూలు నీళ్లు కలిపే ప్లాంట్లూ ఉంటాయి. రొయ్యల రైతు దగ్గర టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన లవణాలు ఎన్ని ఉన్నాయో చూపేది) అడిగి తెచ్చి చూశాను. బోరునీళ్లు 1650. టిన్ను నీళ్లు 110. తొట్టిలో మిగిలిన నీళ్లు 400 పైన.

అప్పుడు అర్థమైంది. తొట్టి మరుగుతుంటే నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు ఆవిరి కాదు. నేను తగ్గినంతా టిన్ను నీళ్లు పోసి నింపుతున్నాను. అంటే ప్రతి ఉడకకీ తొట్టిని ఉప్పుమడిలా మారుస్తున్నాను. మొదటి రెండుసార్లు బాగుండి మూడోసారి చెడడానికి కారణం అదే. ఒక గాజు పలక మీద టిన్ను నీళ్ల చుక్క, పక్కన బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ చుక్క పెట్టి ఎండనిచ్చాను. మొదటిది ఆరాక ముగ్గు చుక్కలా తెల్లగా మిగిలింది. రెండోది ఎక్కడ పెట్టానో కూడా కనపడలేదు. అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

రాజుగారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఇంకో వారం పడుతుందన్నాను. ఆయన ఒక్క నిమిషం ఆగి, "గొట్టం దెబ్బతిందా?" అని మాత్రం అడిగారు. లేదన్నాను. "అయితే నిదానంగానే చేయండి" అన్నారు.

ఉన్న నలుపంతా 400 ఎమరీతో తీసేశాను. ఆమ్లంతో తీస్తే త్వరగా పోతుంది, కానీ ఆమ్లం రిబ్ కిందికి చేరకూడదు. ఇరవై లీటర్ల డిస్టిల్డ్ వాటర్ కొన్నాను. తగ్గిన నీళ్లు నింపడం మానేసి, రెండు ఉడకలకొకసారి తొట్టి మొత్తం మార్చాను. ఎనిమిది ఉడకలు పూర్తయ్యాయి. ఐదోసారికి బొగ్గు నలుపు, ఏడోసారికి నేరేడు నలుపు. ఎనిమిదోసారి కొత్తగా ఏమీ రాలేదు, అంటే చాలని గుర్తు.

ఆఖరున వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి ద్రావణంలోని ఆమ్లాన్ని చంపాను. కింది రిబ్‌లో సూది దూరేంత చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి నీరు పోవడానికే. గొట్టాలను నిలువుగా పట్టుకుంటే అందులోంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు వచ్చాయి. అవి ఆగాక వేడిగాలి పట్టించి, నీటిని తోసేసే నూనెని సిరంజితో అదే రంధ్రంలోంచి లోపలికి పంపాను. బయట దట్టంగా నూనె పూసి ఒక రోజంతా కదపకుండా ఉంచాను. కొత్త నలుపు ఆ రోజంతా నూనె పీలుస్తుంది. బిరడాలు తీసి, లోపలి వార్నిష్ కరిగించి, గొట్టాల లోపలి వైపు తుడిచాను. అద్దంలా ఉంది.

మరలకు ఈ తంతు అక్కర్లేదు. ఇసుక మీద నెమ్మదిగా వేడిచేస్తే 300 డిగ్రీల దగ్గర నెమలికంఠం రంగు వస్తుంది, అప్పుడే నూనెలో ముంచాలి. స్ప్రింగుల జోలికి మాత్రం అలా వెళ్లకూడదు, వాటి బిగువు పోతుంది. తూటా గది వెనక ఉండే పెట్టె మీద పైపొర గట్టిపరిచే కేస్ హార్డెనింగ్‌లో వచ్చిన రంగురంగుల పాత మరకలు ఇంకా కొంచెం మిగిలాయి. దాన్ని తాకలేదు, మైనం పట్టించి వదిలాను.

ఇచ్చాక

సెప్టెంబరు చివర్లో తీసుకెళ్లారు. తోలు కేసు ఖాళీగా గోడకి తగిలించుకోమన్నాను. తుపాకీని తాళం వేసిన ఇనుప బీరువాలో, నిలువుగా, గుడ్డకీ తోలుకీ ఆనకుండా పెట్టాలి. లోపల సిలికా జెల్ డబ్బా ఉండాలి, రంగు మారగానే సన్న సెగ మీద ఆరబెట్టాలి. పట్టుకున్న ప్రతిసారీ నూనె గుడ్డతో వేళ్ల ముద్రలు తుడవాలి. జూన్ నుంచి నవంబరు దాకా పదిహేను రోజులకోసారి, మిగతా కాలం నెలకోసారి నూనె రాయాలి. కొబ్బరినూనె రాయొద్దని విడిగా చెప్పాను. అది కొన్నాళ్లకు ముక్కిపోతుంది.

డిసెంబరులో ఒకసారి చూశాను. మచ్చ లేదు. 2025 సెప్టెంబరులో, పూర్తి వానాకాలం గడిచాక మళ్లీ తెచ్చారు. పైన ఎక్కడా తుప్పు లేదు, వేళ్లు ఎక్కువ ఆనే చోట నలుపు కొంచెం పలచబడింది, అది సహజమే. ముందరి చెక్క తీస్తే మాత్రం, కొక్కెం పక్కన ఆవగింజంత ఎర్ర చుక్క. ఆయన పైకి కనపడేదంతా శ్రద్ధగా తుడుస్తున్నారు, చెక్క తీసి తుడవాలని నేను చెప్పలేదు. స్టీల్ ఊల్ ముక్కకి నూనె తడిపి రుద్దితే పోయింది. చెక్క లోపలి వైపు మైనం పట్టించాను. చెక్క ఎలా ఊడదీయాలో, మళ్లీ ఎలా బిగించాలో ఆయన చేతే మూడుసార్లు చేయించి పంపాను.